ఆవిడ ఎమ్మెస్‌కి వెళ్తే ఆయన అక్కడేం చేస్తారు?

ప్రశ్న: నమస్తే మేడమ్. నాకు 31 ఏళ్లు. హైదరాబాద్‌లో ఒక ఇంజినీరింగ్ కాలేజీలో అసిస్టెంట్ ప్రొఫెసర్‌గా చేస్తున్నాను. టెక్సాస్‌లో డాలస్‌కి దగ్గరగా ఉన్న ఒక ప్రభుత్వ యూనివర్సిటీలో కంప్యూటర్ సైన్స్ ఎమ్మెస్‌కి సీటొచ్చింది, ఆగస్టులో క్లాసులు మొదలు. మా ఆయన పటాన్‌చెరు వైపు ఒక ఫార్మా కంపెనీలో క్వాలిటీ కంట్రోల్‌లో ఉన్నారు, పదేళ్ల అనుభవం. పాపకి ఈ జులైలో 4 నిండుతాయి. "నేను ఉద్యోగం మానేస్తా, ముగ్గురం ఒకేసారి వెళ్దాం, అక్కడ ఏదో ఒక పని చూసుకుంటా, నీ ఫీజుకి కాస్త ఆసరా అవుతుంది" అంటారు ఆయన. సూర్యాపేటలో ఉండే అత్తమ్మ, మామయ్య "పాపను మా దగ్గర ఉంచి మీరిద్దరూ పోండి, రెండేళ్లేగా" అంటున్నారు. స్టాఫ్‌రూమ్‌లో అయితే చిన్నపిల్లను పెట్టుకుని ఇప్పుడు చదువేంటి అన్నవాళ్లే ఎక్కువ. లోన్ సాంక్షన్ అయింది కానీ అది నా ఫీజుకి, నా ఒక్కదాని ఖర్చుకే సరిపోతుంది. రాత్రిళ్లు నిద్ర పట్టట్లేదు. ఏం చేయమంటారు?
– పేరు వద్దు, చందానగర్

జవాబు: ముందు స్టాఫ్‌రూమ్ సంగతి పక్కన పెట్టేద్దాం. పిల్లల్ని ఇక్కడ వదిలి దుబాయ్‌కో, అమెరికాకో వెళ్లిన తండ్రులు మన ప్రతి ఊళ్లోనూ ఉన్నారు, వాళ్లను ఎవరూ ఈ ప్రశ్న అడగలేదు. మీకు సీటొచ్చింది, లోనొచ్చింది, చదవాలని ఉంది. వెళ్లాలా వద్దా అని మీరు నన్ను అడగలేదు, నేనూ దాని జోలికి పోను.

మీ ఉత్తరంలో నన్ను కంగారు పెట్టింది ఒకే ఒక్క మాట. "అక్కడ ఏదో ఒక పని చూసుకుంటా." అమ్మా, ఆ పని లేదు. మీకొచ్చేది ఎఫ్-1 అనే విద్యార్థి వీసా, ఆయనకీ పాపకీ వచ్చేది విద్యార్థి కుటుంబానికిచ్చే ఎఫ్-2. ఎఫ్-2 మీద ఉన్న భర్త గానీ భార్య గానీ అమెరికాలో ఏ ఉద్యోగమూ చేయకూడదు. పార్ట్ టైమ్ లేదు, పెట్రోల్ బంకు లేదు, తెలిసినవాళ్ల రెస్టారెంట్‌లో నగదుకి చేయడం అంతకన్నా లేదు. "అందరూ చేస్తున్నారు, ఎవరు చూస్తారు" అని మీకు చెప్పేవాళ్లు చాలామంది తగులుతారు. దొరికితే ఆ చెప్పినవాళ్లకి ఏమీ కాదు, ఆయన అక్కడ చట్టబద్ధంగా ఉండే స్టేటస్ పోతుంది, రేపు ఆయన ఏ వీసాకి అప్లై చేసినా అది అడ్డం వస్తుంది. ఇక్కడి కంపెనీకి అక్కడ కూర్చుని ఆన్‌లైన్‌లో పని చేస్తే అని కూడా మీరు అడగొచ్చు. దానికి అనుమతి ఉందని ఎఫ్-2 నిబంధనల్లో ఎక్కడా రాసి లేదు, కాబట్టి ఎవరో చేస్తున్నారని మొదలుపెట్టకండి, ఇమిగ్రేషన్ లాయర్‌ని డబ్బిచ్చి అడిగి తెలుసుకోండి.

పైగా ఇది రెండేళ్లతో అయిపోయేది కాదు. మీ ఎమ్మెస్ అయ్యాక ఓపీటీ (చదివిన సబ్జెక్టులో ఉద్యోగం చేసుకునే అనుమతి) 12 నెలలు, కంప్యూటర్ సైన్స్ కాబట్టి స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ లాంటి కోర్సులు) కింద మరో 24 నెలలు. ఆ మూడేళ్లూ మీరు ఎఫ్-1లోనే ఉంటారు, ఆయన ఎఫ్-2లోనే ఉంటారు, పని చేయకూడదు. ఆ తర్వాత మీకు లాటరీలో హెచ్-1బీ ఉద్యోగ వీసా తగిలిందనుకుందాం (ఏడాదికి 85 వేలే, పోటీ మీకు తెలిసిందే), ఆయన దాని డిపెండెంట్ వీసా అయిన హెచ్-4కి మారతారు. హెచ్-4 మీద పని చేయాలన్నా సాధారణంగా మీ కంపెనీ మీ గ్రీన్‌కార్డు కోసం పెట్టే ఐ-140 అనే దరఖాస్తు ఆమోదం పొందాకే పర్మిట్‌కి అప్లై చేయడం కుదురుతుంది, ఆ నిబంధన వచ్చింది 2015లో. అంటే పదేళ్ల అనుభవం ఉన్న మనిషి ఐదేళ్లు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ, సొంత సంపాదన లేకుండా ఇంట్లో ఉండాల్సి రావచ్చు. ఈ సంగతి ఆయనకి తెలిసి "సరే" అన్నారా, తెలియక అన్నారా? ముందు అది తేల్చుకోండి, టికెట్లు తర్వాత.

ఇంట్లో ఉండడం తప్పని నేను అనడం లేదు. కొందరు మగవాళ్లు చాలా బాగా చేస్తారు, పిల్లలకి అంతకంటే అదృష్టం లేదు. కానీ మా బంధువుల్లో ఒకాయన్ను నేను దగ్గరగా చూశాను, ఆయనా ఫార్మానే, ఇక్కడ షిఫ్ట్ ఇన్‌చార్జి. పొద్దున్నే బాబుకి లంచ్ బాక్స్ కట్టి, స్కూల్లో దింపి, ఆవిడని క్యాంపస్‌లో దింపి ఇంటికొచ్చేసరికి తొమ్మిది కూడా అయ్యేది కాదు, మధ్యాహ్నం మూడింటిదాకా ఆ అపార్ట్‌మెంట్‌లో ఒక్కడే. జేబులో ఉండేది భార్య పేరున్న కార్డు. ఆదివారం ఎవరింటికన్నా భోజనానికి వెళ్తే, కొత్తవాళ్లు "మీరెక్కడ చేస్తున్నారండీ" అని అడగడం మొదలుపెట్టగానే మంచినీళ్ల కోసమన్నట్టు లేచి వంటింట్లోకి వెళ్లిపోయేవాడు. ఆవిడ చదువు బాగానే పూర్తయింది, ఆయనకి మాత్రం మళ్లీ నిలదొక్కుకోవడానికి చాలా కాలం పట్టింది. మీ ఆయన అలాగే అవుతారని కాదు, అలా కాకుండా ఉండాలంటే ఆయనకీ అక్కడ ఒక దారి ఉండాలి, దాన్ని ఇక్కడుండగానే వెతకాలి.

దారులున్నాయి. ఎఫ్-2 మీద పార్ట్ టైమ్‌గా చదువుకోవచ్చు, 2015 నుంచి దానికి అనుమతి ఉంది, కమ్యూనిటీ కాలేజీలో ఒకటి రెండు కోర్సులు చేయొచ్చు. అంతకంటే మంచిది, ఆయనే సొంతంగా అడ్మిషన్ తెచ్చుకుని ఎఫ్-1 మీద రావడం. క్వాలిటీ కంట్రోల్‌లో పదేళ్లు చేసినవాళ్లకి ఫార్మాస్యూటికల్ సైన్సెస్‌లోనో, రెగ్యులేటరీ అఫైర్స్‌లోనో చదువు అతుకుతుంది, ఎఫ్-1 అయితే క్యాంపస్‌లో సెమిస్టర్ నడిచేటప్పుడు వారానికి 20 గంటలు పని కూడా చేయొచ్చు. ఇద్దరి ఫీజు ఎక్కడ తేవాలి అంటారు. ఇక్కడే టెక్సాస్ మీకు కలిసొస్తుంది. అక్కడి ప్రభుత్వ యూనివర్సిటీలో మీకు టీచింగ్ అసిస్టెంట్ గానో, రీసెర్చ్ అసిస్టెంట్ గానో సగం టైమ్ పోస్టు, అదీ మీ సబ్జెక్టుకి సంబంధించింది దొరికితే, మీరు బయటి దేశం వాళ్లయినా టెక్సాస్ వాళ్లు కట్టే ట్యూషనే కడతారు, ఆ రాయితీ మీ ఆయనకీ వర్తిస్తుంది. అది దొరక్కపోయినా, యూనివర్సిటీ పోటీ మీద ఇచ్చే స్కాలర్‌షిప్ ఏడాదికి కనీసం 1,000 డాలర్లది వచ్చినా మీ ఒక్కరికి ఆ ఇన్-స్టేట్ (టెక్సాస్ వాళ్లు కట్టే) ట్యూషన్ వచ్చే వీలుంది. వెయ్యి డాలర్ల స్కాలర్‌షిప్పే కదా అని చాలామంది అప్లికేషన్ కూడా పెట్టరు, దాని వెనకాల తగ్గే ఫీజు వేలల్లో ఉంటుంది. ఎమ్మెస్ వాళ్లకి అసిస్టెంట్‌షిప్‌లు తక్కువ, ఎక్కువ భాగం పీహెచ్‌డీ వాళ్లకే పోతాయి, అది నిజమే. అయినా మీరు ఇక్కడ నిజంగా క్లాసులు చెప్పినవారు, ల్యాబులు నడిపినవారు, ఆ మాట ప్రొఫెసర్లకి ఇప్పుడే మెయిల్ రాసి చెప్పండి, వెళ్లాక చూద్దాం అనుకోకండి.

ఇక పాప. సూర్యాపేటలో రెండేళ్లు అన్నది నాకు నచ్చలేదు. అత్తమ్మ, మామయ్య మంచి మనసుతోనే అన్నారు, కానీ నాలుగేళ్ల పిల్లకి అమ్మ, నాన్న, ఇల్లు, బడి ఒకేసారి పోవడం చాలా పెద్ద దెబ్బ. నా సలహా ఏంటంటే, ఆగస్టులో మీరొక్కరే వెళ్లండి. ఆయన ఉద్యోగం మానొద్దు. పాప చందానగర్‌లోనే, అదే ఇంట్లో, అదే బడికి వెళ్తూ నాన్న దగ్గర ఉంటుంది, అత్తమ్మనే కొన్నాళ్లు అక్కడికి రమ్మనండి. మారేది మీరు లేకపోవడం ఒక్కటే, అది కూడా ఎన్నాళ్లో ముందే తెలిసిన గడువు.

ఆ గడువు ఎలా లెక్క కట్టాలో చెప్తాను. టెక్సాస్‌లో సెప్టెంబరు 1 నాటికి 5 నిండిన పిల్లలకి ప్రభుత్వ బడిలో కిండర్‌గార్టెన్ ఉచితం, ఎఫ్-2 పిల్లలు అందులో చేరొచ్చు. మీ పాపకి వచ్చే ఏడాది జులైలో 5 నిండుతాయి, అంటే వచ్చే ఆగస్టుకి బడి ఖర్చు లేదు. అంతకంటే ముందు తీసుకెళ్తే డేకేర్, డాలస్ చుట్టుపక్కల అది నెలకి వెయ్యి డాలర్లు దాటడం మామూలే, మీ లోన్‌లో దానికి చోటే లేదు. కానీ ఒక వెసులుబాటు ఉంది, మనవాళ్లలో చాలామందికి తెలియదు. ఇంగ్లిష్ సరిగా రాని పిల్లలకి, ఆదాయం తక్కువున్న ఇళ్ల పిల్లలకి అక్కడి ప్రభుత్వ బడుల్లో నాలుగేళ్లకే ప్రీ-కే (కిండర్‌గార్టెన్‌కి ముందు తరగతి) ఉచితం, 2019లో వచ్చిన చట్టం ప్రకారం రోజంతా నడిచేది. ఇంగ్లిష్ సంగతి బడివాళ్లే పిల్లని పరీక్షించి తేలుస్తారు. ఈ జులైకి 4 నిండుతాయి కాబట్టి వయసు ప్రకారం పాప అర్హురాలే. ఇంట్లో తెలుగే మాట్లాడండి, ఇంగ్లిష్ రాదని బెంగ పెట్టుకోకండి. మీరు వెళ్లిన మొదటి నెలలోనే, ఇల్లు తీసుకోబోయే ప్రాంతంలోని స్కూల్ డిస్ట్రిక్ట్‌కి ఫోన్ చేసి జనవరిలో చేర్చుకుంటారా అని అడగండి. చేర్చుకుంటామంటే, అసిస్టెంట్‌షిప్ గానీ ఇంకేదైనా ఆసరా గానీ దొరికితే, డిసెంబరు సెలవుల్లో ఇద్దర్నీ రప్పించుకోండి. కుదరకపోతే వచ్చే ఆగస్టు. ఎంత ఆలస్యమైనా ఒక్క ఏడాది, ఆ ఏడాదిలో ఆయన జీతం వస్తూ ఉంటుంది, ఆయన అప్లికేషన్లూ పూర్తవుతాయి.

ఆ కొన్ని నెలలూ పాపతో మాట్లాడడానికి రోజూ ఒకే టైమ్ పెట్టుకోండి. ఇక్కడ రాత్రి ఎనిమిది అంటే వేసవి టైమ్ నడిచేటప్పుడు డాలస్‌లో పొద్దున తొమ్మిదిన్నర, నవంబరు నుంచి ఎనిమిదిన్నర. పాప అన్నం తినే వేళకి మీరు ఫోన్లో ఉంటారు. ఆ వేళకి క్లాసు తీసుకోకండి, అంతే.

టీకాల విషయం ఇప్పుడే చూడండి, దీన్ని అందరూ చివరికి వదిలేస్తారు. టెక్సాస్‌లో కిండర్‌గార్టెన్‌లో చేరాలంటే ఎంఎంఆర్ (తట్టు, గవదబిళ్లలు, రుబెల్లా టీకా) రెండు డోసులు కావాలి, మొదటిది ఏడాది నిండాక వేసిందే లెక్క. మన దగ్గర తొమ్మిదో నెలలో వేసింది అక్కడ చెల్లదు. పైగా మన ప్రభుత్వ ఆసుపత్రుల్లో వేసేది ఎంఆర్, అందులో గవదబిళ్లల టీకా ఉండదు. చికెన్‌పాక్స్, హెపటైటిస్-ఎ మన ప్రభుత్వ జాబితాలో లేవు, అక్కడ కిండర్‌గార్టెన్‌కి రెండూ కావాలి, రెండేసి డోసులు. పాప కార్డు పట్టుకుని పిల్లల డాక్టర్ దగ్గరికి వెళ్లి, ఏవి ఉన్నాయో ఏవి లేవో చూపించి, డోసుకీ డోసుకీ మధ్య ఎంత ఎడం ఉండాలో రాయించుకోండి. కార్డు మీద తేదీలు రోజు, నెల, సంవత్సరంతో ఇంగ్లిష్‌లో స్పష్టంగా ఉండాలి, డాక్టర్ స్టాంపు ఉండాలి. 2025లో పశ్చిమ టెక్సాస్‌లో తట్టు బాగా వ్యాపించింది, అందుకని ఇది బడి కోసమే అనుకోకండి. ఒకటి రెండు డోసులు మిగిలిపోతే కూడా భయం లేదు, ఇన్సూరెన్స్ లేని పిల్లలకి అక్కడ ప్రభుత్వ పథకం కింద టీకా మందు ఉచితంగా దొరుకుతుంది.

ఇన్సూరెన్స్ అన్నాను కాబట్టి, యూనివర్సిటీ ప్లాన్ మీకు తప్పనిసరి అవుతుంది, ఆయన్నీ పాపనీ అందులో చేర్చుకుంటారో లేదో, ఎంతవుతుందో విడిగా అడగండి. చాలాచోట్ల కుటుంబాన్ని చేర్చుకోవడం మానేశారు. బయట దొరికే చవక ట్రావెల్ పాలసీలు జ్వరానికీ యాక్సిడెంట్‌కీ పనికొస్తాయేమో గానీ పిల్లల మామూలు చెకప్‌లకి పనికిరావు.

వీసా ఖర్చు తేలికే, సెవిస్ (విదేశీ విద్యార్థుల రికార్డు వ్యవస్థ) ఫీజు 350 డాలర్లు మీ ఒక్కరికే, వీసా ఫీజు తలా 185 డాలర్లు. వాళ్లు తర్వాత వచ్చినా వాళ్ల పేర్లతో ఐ-20లు (వీసా కోసం యూనివర్సిటీ ఇచ్చే పత్రాలు) కావాలి, దానికి యూనివర్సిటీ ఒక్కొక్కరికీ మరికొన్ని వేల డాలర్లు బ్యాంకులో చూపించమంటుంది, ఆ డబ్బు ఎక్కడిదో ఇప్పుడే అనుకోండి. పాపకీ ఇంటర్వ్యూ ఉంటుందనే లెక్కలో ఉండండి, 2025 సెప్టెంబరు నుంచి 14 ఏళ్లలోపు పిల్లలకి ఉన్న మినహాయింపు తీసేశారు. మీ పెళ్లి రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్, పాప బర్త్ సర్టిఫికెట్‌లో పేర్లు మూడు పాస్‌పోర్టుల్లోనూ అక్షరం తేడా లేకుండా ఉన్నాయో లేదో ఈ వారమే చూడండి. ఇంటిపేరు ఒకచోట ముందు, ఒకచోట వెనక ఉండి జీహెచ్ఎంసీ చుట్టూ తిరిగినవాళ్లు నాకు చాలామంది తెలుసు.

ఇవన్నీ కాగితం మీద రాసుకుని ఒక ఆదివారం ఆయనా మీరూ కూర్చోండి, పెద్దవాళ్లు లేకుండా. ఎఫ్-2 సంగతి చెప్పాక ఆయన మొహంలో నిరాశ కనిపిస్తే సర్దిచెప్పేయడానికి తొందరపడకండి, ఆయన్ని మాట్లాడనివ్వండి.

ప్రశ్న: నాకు యూకేలో ఎంఎస్సీ సీటొచ్చింది, ఏడాది కోర్సు. బాబుకి పది నెలలు. "మీరు ముందు వెళ్లండి, రెండు మూడు నెలల్లో మిసెస్‌ని, బాబుని డిపెండెంట్ మీద పంపిస్తాం" అని కన్సల్టెన్సీ వాళ్లు అడ్వాన్స్ అడుగుతున్నారు. కట్టొచ్చా?
– ఒక పాఠకుడు, రాజమండ్రి

జవాబు: కట్టకండి బాబూ. 2024 జనవరి 1 నుంచి మొదలైన మామూలు మాస్టర్స్ కోర్సులకి యూకేలో భార్యాపిల్లల్ని డిపెండెంట్‌గా తీసుకెళ్లే వీలు లేదు, పీహెచ్‌డీ వాళ్లు, పరిశోధన మీద నడిచే మాస్టర్స్ వాళ్లు లాంటి కొందరికే ఉంది. కోర్సు అయ్యాక కొన్నాళ్లు ఉండి పని చేసుకునే గ్రాడ్యుయేట్ వీసాకి మారినా కొత్తగా వాళ్లను పిలిపించుకోలేరు, ముందు నుంచి మీతో డిపెండెంట్‌గా ఉన్నవాళ్లకే ఆ వీసా కొనసాగుతుంది. కంపెనీ స్పాన్సర్ చేసే స్కిల్డ్ వర్కర్ వీసాకి మారితే తెచ్చుకోవచ్చు, కానీ 2025 జులై నుంచి దానికి మామూలుగా 41,700 పౌండ్ల జీతం చూపించాలి, కొత్తగా చదువు ముగించినవాళ్లకి కొంత సడలింపు ఉన్నా తేలిగ్గా దొరికేది కాదు. అంటే బాబు నడక, మాటలు అన్నీ మీరు ఫోన్లోనే చూడాల్సి రావచ్చు. కుటుంబంతోనే ఉండాలి అన్నది మీకు ముఖ్యమైతే ఒక ఏడాది ఆగి కెనడా చూడండి. అక్కడ 16 నెలలు గానీ అంతకంటే ఎక్కువ గానీ ఉన్న మాస్టర్స్‌కి వెళ్తే భార్యకి ఓపెన్ వర్క్ పర్మిట్ (ఏ కంపెనీలోనైనా పని చేసే అనుమతి) అడగొచ్చు, 2025 జనవరిలో నిబంధనలు బిగించాక కూడా అది మిగిలింది. ఏడాది కోర్సుకి రాదు, కోర్సు నిడివి చూసి మరీ అప్లై చేయండి. ఆస్ట్రేలియాలో మాస్టర్స్ విద్యార్థి కోర్సు మొదలయ్యాక భార్యకి పని గంటల మీద పరిమితి లేదు, కాకపోతే వీసా ఫీజు బాగా ఎక్కువ. మీకు ఆ మాట చెప్పిన కన్సల్టెన్సీని ఆ హామీ లెటర్‌హెడ్ మీద రాసి సంతకం పెట్టి ఇమ్మనండి, ఇవ్వరు.

ప్రశ్న: మా అబ్బాయి అమెరికాలో పీహెచ్‌డీ చేస్తున్నాడు, కోడలు, ఏడాదిన్నర మనవడు అక్కడే. కోడలికీ చదువుకోవాలని ఉంది, మమ్మల్ని ఆరు నెలలు వచ్చి బాబుని చూసుకోమంటున్నారు. నాకు 62, ఆయనకి 67, ఇద్దరికీ బీపీ, ఆయనకి షుగర్ కూడా. వెళ్లొచ్చా? ఇంటర్వ్యూలో ఏం చెప్పాలి?
– ఒక అమ్మమ్మ కాని నాయనమ్మ, తెనాలి

జవాబు: నాయనమ్మగారూ, ఇంటర్వ్యూలో ఉన్నదే చెప్పండి, కొడుకు దగ్గరికి, మనవణ్ణి చూడ్డానికి వెళ్తున్నాం, ఇన్ని నెలలుండి వస్తాం అని. మీరు వెళ్లేది విజిటర్ వీసా మీద, కుటుంబాన్ని చూసి రావడానికి. ఆయా పనికి వెళ్తున్నట్టు మాట్లాడితే అనుమానం వస్తుంది, అబద్ధం చెప్తే ఇంకా నష్టం. తెనాలిలో ఇల్లు, పొలం, పెన్షన్ ఏవున్నా కాగితాలు దగ్గర పెట్టుకోండి. ఎన్నాళ్లు ఉండొచ్చో ఎయిర్‌పోర్టులో దిగాక అధికారి నిర్ణయిస్తాడు, మామూలుగా ఆరు నెలలు ఇస్తారు, ఆ తేదీ దాటి ఒక్కరోజు కూడా ఉండకండి.

ఆరోగ్యం దగ్గర మాత్రం గట్టిగా ఉండండి. విజిటర్ ఇన్సూరెన్స్‌లు పాత జబ్బులకి సాధారణంగా డబ్బివ్వవు, అక్కడ ఒక్కసారి ఎమర్జెన్సీకి వెళ్తే వచ్చే బిల్లు మీ అబ్బాయి స్టైపెండ్‌తో తీరేది కాదు. ఉండే రోజులకి సరిపడా మందులు, ఆ మందుల పేర్లు రాసున్న డాక్టర్ చీటీతో సహా చేతి సంచిలోనే పెట్టుకోండి. వెళ్లేముందు ఆయన గుండె పరీక్షలు, కళ్లు, పళ్లు ఇక్కడే చూపించండి. చలి ఊరైతే మే నెలలో వెళ్లి అక్టోబరుకి వచ్చేసేలా చూసుకోండి, మంచులో మీరిద్దరూ ఆరు నెలలు గుమ్మం దాటలేరు. ఏడాదిన్నర పిల్లాణ్ణి రోజంతా ఎత్తుకోవడం 62 ఏళ్ల నడుముకి చిన్న పని కాదు, కోడలితో ఆ మాట మొహమాటం లేకుండా ఇప్పుడే అనండి. వారంలో రెండు మూడు రోజులు సగం పూట డేకేర్ పెట్టుకుని మిగతాది మీరు చూసుకుంటామని చెప్పండి, ఆ అమ్మాయి చదువూ సాగుతుంది.